ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మన ఆకాశం ఎందుకు రాదు? ఒక స్లయిడర్ వెనక వందేళ్ళ కథ

ఇప్పుడు స్క్రీన్ మీద రెండు ఫోటోలు పెట్టాను, చూడండి. రెండూ విశాఖపట్నం ఎయిర్‌పోర్టే. అదే విమానం, అదే రన్‌వే, వెనకాల అవే కొండలు. మొదటిదాంట్లో ఆకాశం ముదురు నీలం, అక్కడక్కడా గుండ్రటి తెల్ల మబ్బులు, అచ్చం క్యాలెండర్ బొమ్మలా ఉంది. రెండోదాంట్లో మబ్బు కొండ నెత్తి మీదికి దిగింది, రన్‌వే తడిసి ఉంది, దూరం అంతా బూడిదరంగులో కరిగిపోయింది.

రెండూ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నేను తీసిన స్క్రీన్‌షాట్లే. మొదటిదానికి రెండు గంటలు కూర్చున్నాను. చూసినవాళ్ళంతా "గేమ్ బాగుంది బ్రో" అని వెళ్ళిపోయారు. రెండోది పదిహేను నిమిషాల పని. దాన్ని మాత్రం జనం నమ్మేశారు. ఎంతగా నమ్మారంటే, దానివల్ల మా పిన్ని చేత నేను గట్టిగా తిట్లు తిన్నాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు ఈ ఆకాశం కంప్యూటర్‌లోకి ఎలా వచ్చిందో చూద్దాం. సెట్టింగులు కూడా చెప్తాను, కంగారుపడకండి. కాకపోతే ఒక్కో స్లయిడర్ వెనక ఎవరున్నారో తెలిస్తే దాన్ని ఎంత జరపాలో మీకే అర్థమవుతుంది.

ప్రపంచంలో మొట్టమొదట పేరు తెచ్చుకున్న ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఆకాశమే లేదు. కావాలనే పెట్టలేదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హామ్‌టన్ అనే ఊరు. అక్కడ ఎడ్విన్ లింక్ అనే కుర్రాడు. వాళ్ళ నాన్నకి ఆర్గన్లు, తమంతట తామే వాయించుకునే పియానోలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. విమానం నేర్చుకోవడం అప్పట్లో చాలా ఖరీదైన వ్యవహారం. అందుకని ఇతను ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులు తీసుకుని, వాటి మీద ఒక చిన్న విమానం డొక్కు బిగించాడు. స్టిక్ తిప్పితే తిత్తుల్లోకి గాలి వెళ్ళి డొక్కు అటూ ఇటూ ఒరుగుతుంది. 1920ల చివర్లో ఇది తయారైంది. పైలట్ స్కూళ్ళు పట్టించుకోలేదు. మొదట్లో ఇది వెళ్ళింది ఎక్కడికో తెలుసా? అమ్యూజ్‌మెంట్ పార్కులకి! మన తిరనాళ్ళలో రంగులరాట్నం పక్కన పెట్టినట్టు అన్నమాట.

1934లో కథ మారింది. ఆ ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల ఎయిర్‌మెయిల్ కాంట్రాక్టులు రద్దుచేసి, ఉత్తరాలు మోసే పని సైన్యం విమానాలకి అప్పగించింది. అది చలికాలం. మంచు, పొగమంచు, రాత్రి ప్రయాణాలు. కిటికీలోంచి ఏమీ కనపడనప్పుడు లోపలి మీటర్లు మాత్రమే చూసి నడపడం ఆ పైలట్లలో చాలామందికి అలవాటు లేదు. కొన్ని వారాల్లోనే పది మందికి పైగా చనిపోయారు. అప్పుడు సైన్యానికి లింక్ గుర్తొచ్చాడు. నూవర్క్‌లో మీటింగ్. ఆ రోజు వాతావరణం ఎంత ఘోరంగా ఉందంటే, ఇంక అతను రాడులే అని ఆఫీసర్లు లేచి వెళ్ళిపోబోతున్నారట. ఇంతలో మసకలోంచి విమానం దిగింది. లింక్ సొంతంగా, మీటర్లు చూసుకుంటూ వచ్చేశాడు. సైన్యం ఆరు ట్రైనర్లు కొంది.

ఆ ట్రైనర్ పైన ఒక మూత ఉంటుంది. పైలట్ కూర్చోగానే మూత వేసేస్తారు. బయట ఏమీ కనపడదు. అదే పాఠం! అంటే సిమ్యులేటర్ అనేది నిలదొక్కుకున్నదే చెడు వాతావరణం వల్ల. ఈ రోజు మనం వెదర్ స్లయిడర్లతో సరదాగా ఆడుకుంటున్నాం గానీ, దాని మొదట్లో ప్రాణాలు పోయాయి.

సరే, మూత ఎప్పుడు తీశారు? నేను మధ్యలో పెద్ద పెద్ద ఎయిర్‌లైన్ సిమ్యులేటర్లన్నీ వదిలేసి నేరుగా ఇంటి కంప్యూటర్‌కి వచ్చేస్తున్నాను. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజినీర్ 1975లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో విమానం కిటికీలోంచి కనపడే దృశ్యాన్ని కంప్యూటర్ మీద గీయడం గురించి థీసిస్ రాశాడు. 1980లో అతని ఫ్లైట్ సిమ్యులేటర్ ఆపిల్ టూ కంప్యూటర్ మీదికి వచ్చింది. నల్లటి తెర మీద కొన్ని గీతలు, అంతే. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీ మీదికి వచ్చినదాంట్లో ఆకాశానికి ఒక రంగు, నేలకి ఒక రంగు. మధ్యలో ఒక గీత. ఆ గీతే దిగంతం.

కానీ ఆ ఆటలో వెదర్ సెట్టింగులు ఉన్నాయి! సీజన్ ఏది, టైమ్ ఎంత, మబ్బు పొర ఎంత ఎత్తులో మొదలై ఎంత ఎత్తులో అయిపోతుంది, గాలి ఎటునుంచి... అన్నీ అంకెలుగా టైప్ చేయాలి. మబ్బుకి బొమ్మ లేదు, కేవలం ఒక సంఖ్య. ఇప్పుడు మనం వేలితో జరిపే క్లౌడ్ లేయర్ స్లయిడర్‌కి ముత్తాత ఆ సంఖ్యే. చిత్రమేమిటంటే, అంకె అప్పుడూ కరెక్టే. బొమ్మ రావడానికే ఇరవై ఏళ్ళు పట్టింది.

బొమ్మ గీయాలంటే ఆకాశం ఎందుకలా ఉంటుందో తెలియాలి. అది తెలిసినవాళ్ళు కంప్యూటర్లకంటే ఎంతో ముందే ఉన్నారు. 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే మందుల తయారీదారు మబ్బులకి సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ అని పేర్లు పెట్టాడు. మన మెనూలో ఇప్పటికీ అవే. 1871లో లార్డ్ రేలీ లెక్క తేల్చాడు: గాలి అణువుల మీద పడిన వెలుగులో నీలం ఎక్కువ చెదురుతుంది, ఎరుపు తక్కువ చెదురుతుంది. నీలం 450 నానోమీటర్లు, ఎరుపు 700 అనుకుంటే తేడా దాదాపు ఆరు రెట్లు. అందుకే పైన నీలం. పొద్దుగుంకేటప్పుడు వెలుగు గాలిలో చాలా దూరం రావాలి కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి మన దాకా ఎరుపు మిగులుతుంది. ఇంతవరకూ స్కూల్లో చదువుకున్నదే.

స్కూల్లో చెప్పనిది 1908 సంగతి. గుస్తావ్ మీ అనే జర్మన్ శాస్త్రవేత్త నీళ్ళలో తేలే సన్నటి బంగారు రేణువుల రంగులు ఎలా వస్తాయో లెక్క కడుతూ ఒక సిద్ధాంతం రాశాడు. దాని ప్రకారం అణువుకంటే బాగా పెద్దవి, అంటే దుమ్ము, పొగ, ఉప్పుతేమ బిందువులు, అన్ని రంగుల్నీ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. అన్ని రంగులూ కలిస్తే ఏమవుతుంది? తెలుపు. మే నెలలో విశాఖలోనో విజయవాడలోనో తల పైకెత్తి చూడండి. నడినెత్తిన కాస్త నీలం ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ పాలిపోయి తెల్లబడుతుంది. రేలీది ఆ నీలం. మీ గారిది ఆ తెలుపు. నా మొదటి ఫోటోలో రేలీ ఉన్నాడు, మీ గారు లేరు. అందుకే ఎవరూ నమ్మలేదు!

ఇక్కడ మన ఊరివాడే అనదగ్గ ఒకాయన్ని చెప్పకపోతే తప్పవుతుంది. సి.వి.రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో. కానీ నాలుగేళ్ళ వయసులో విశాఖపట్నం వచ్చేశారు. వాళ్ళ నాన్నగారు ఇక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. చిన్నప్పటి చదువంతా ఈ సముద్రం పక్కనే. 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగివస్తూ ఆయన మధ్యధరా సముద్రం రంగు గురించి ఆలోచనలో పడ్డారు. సముద్రం నీలంగా కనపడేది ఆకాశం ప్రతిబింబం వల్లనే అని రేలీ అంతటివాడు అన్నాడు. రామన్ ఒక నికోల్ ప్రిజం పట్టుకుని ఆ ప్రతిబింబాన్ని అడ్డుకుని చూశారు. నీలం పోలేదు. నీళ్ళు కూడా తమంతట తాము వెలుగుని చెదరగొడతాయన్నమాట. సిమ్యులేటర్‌లో సముద్రాన్ని ఆకాశానికి ఒట్టి అద్దంలా పెడితే అది ఎందుకు రేకులా కనపడుతుందో ఇప్పుడు అర్థమైందా?

మళ్ళీ కంప్యూటర్ దగ్గరికి వద్దాం. 1993లో ఫ్లైట్ సిమ్యులేటర్ 5 వచ్చినప్పుడు నేలకి నిజమైన ఫోటోల్లాంటి టెక్స్‌చర్లు వచ్చాయి. 1999లో యూటా యూనివర్సిటీకి చెందిన ప్రీతమ్, షర్లీ, స్మిట్స్ అనే ముగ్గురు పగటి ఆకాశం రంగుని త్వరగా లెక్కకట్టే పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులో మనకి ముఖ్యమైనది టర్బిడిటీ, అంటే గాలి ఎంత మసకగా ఉందో చెప్పే ఒక్క అంకె. రెండు దగ్గర ఉంటే తేటైన ఆకాశం, పది వైపు వెళ్తే మన మే నెల. గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ల చేతికి రేలీ, మీ ఇద్దరూ కలిసి ఒకే పొట్లంలో వచ్చారు.

2003లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ 2004తో మబ్బులు నిజంగా మబ్బుల్లా అయ్యాయి. ఆ మబ్బుల పద్ధతి గురించి మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ నినియాన్ వాంగ్ అదే ఏడాది సిగ్రాఫ్ సభలో వివరించారు. చిన్న చిన్న మెత్తటి బొమ్మముక్కల్ని గుంపుగా పేర్చి ఒక మబ్బు చేస్తారు. ఏ వేళకి ఏ రంగు అనేది భౌతికశాస్త్రం లెక్క కట్టదు. ఆర్టిస్టులు కంటితో చూసి నిర్ణయించారు. అప్పటి కంప్యూటర్లకి అంతకంటే సత్తా లేదు. నాకైతే ఆ పాత మబ్బులంటే ఇప్పటికీ ఇష్టమే. వాటిలో ఎవరో ఒక మనిషి సాయంత్రాన్ని చూసి గుర్తుపెట్టుకున్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత 2006లో ఎఫ్‌ఎస్‌ఎక్స్. అందులో ఆకాశం రంగులు, మబ్బులు అన్నీ ఇమేజ్ ఫైళ్ళే. ఫైల్ మారిస్తే ఆకాశం మారుతుంది. దాని మీద ఒక వ్యాపారమే నడిచింది. యాక్టివ్ స్కై, రెక్స్ లాంటి యాడ్‌ఆన్లు జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు. నేను ఇంజినీరింగ్‌లో ఉండగా మా కజిన్ పీసీలో బ్యాకప్ తీయకుండా స్కై ఫైళ్ళు మార్చేశాను. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యాస్తమయంలా తయారైంది. సెలవులంతా వాడు అలాగే ఎగిరాడు పాపం.

ఇప్పుడు 2020. ఆగస్టు 18న కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. చేసింది ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో. అందులో మబ్బు బొమ్మముక్క కాదు. లోపల వెలుగు ప్రయాణించే ఒక ఘనం. పైగా లైవ్ వెదర్. స్విట్జర్లాండ్‌లోని మీటియోబ్లూ అనే సంస్థ ఇచ్చే వాతావరణ అంచనాలు నేరుగా ఆటలోకి వస్తాయి. బయట వాన పడుతుంటే లోపలా వాన.

ఆట వచ్చిన తొమ్మిదో రోజున, ఆగస్టు 27న, లారా అనే హరికేన్ నాలుగో కేటగిరీ బలంతో లూసియానా తీరాన్ని తాకింది. అప్పటికే సిమ్యులేటర్ ఆడేవాళ్ళు విమానాలు వేసుకుని ఆ తుఫాను కంటి మీదికి వెళ్ళి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టారు. ప్రపంచమంతా చూసింది. అద్భుతంగా ఉన్నాయి. నేనూ లైక్ కొట్టాను. ఆ గుండ్రటి మబ్బు గోడ కింద ఆ గంటలో నిజంగా జనం ఇళ్ళు వదిలి పారిపోతున్నారన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

సరే, ఇప్పుడు మీరు అడిగే పాయింట్. మన ఆకాశం ఎలా పెట్టాలి?

ముందు మెటార్ చూడండి. ప్రతి పెద్ద ఎయిర్‌పోర్టూ అరగంటకోసారి ఇచ్చే వాతావరణ రిపోర్టు అది, ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. అందులో హెచ్‌జెడ్ అని రెండక్షరాలు ఉంటే మసక ఉందని అర్థం. దాని ముందు 5000 అని ఉంటే కంటికి ఆనేది ఐదు కిలోమీటర్లే. అది చూశాక ఏరోసోల్ స్లయిడర్‌ని సున్నా దగ్గర వదిలేయడానికి మీకే మనసొప్పదు. మబ్బుల్ని ఎనిమిది భాగాల లెక్కలో చెప్తారు: ఫ్యూ అంటే ఆకాశంలో ఒకటో రెండో వంతులు, స్కాటర్డ్ అంటే మూడు నాలుగు, బ్రోకెన్ అంటే ఐదు నుంచి ఏడు, ఓవర్‌కాస్ట్ అంటే మొత్తం.

మబ్బు ఎంత ఎత్తులో పెట్టాలన్నదాంట్లోనే అందరం తప్పుచేస్తాం. దానికో చిట్కా ఉంది. మెటార్‌లో 32/26 అని ఉంటుంది. ఉష్ణోగ్రత 32, డ్యూ పాయింట్ 26, అంటే గాలిలో తేమ చుక్కలుగా మారే ఉష్ణోగ్రత. తేడా ఆరు. దాన్ని 400తో హెచ్చించండి: 2400 అడుగులు. ఎండకి పైకి లేచే దూదిమబ్బు అడుగు ఇంచుమించు అక్కడ ఉంటుంది. ఇదే లెక్క ఏప్రిల్‌లో హైదరాబాద్‌కి 40/12 అనుకుని కట్టండి: 11,200 అడుగులు! తీరంలో మబ్బు నెత్తి మీద కూర్చుంటుంది, దక్కన్ మీద ఎక్కడో పైనుంటుంది. ఆటలో రెడీగా ఉండే ప్రీసెట్లు రెండు చోట్లా ఒకేలా పెడతాయి. అందుకే అవి ఏ ఊరివీ కావు.

తర్వాత సూర్యుడు. యూరప్ వాళ్ళ వీడియోలు చూసి గోల్డెన్ అవర్ అని మనం గంట వెతుక్కుంటాం. విశాఖలో మార్చిలోనో సెప్టెంబరులోనో సూర్యుడు ఆరు డిగ్రీలు దిగడానికి 25 నిమిషాలు పడుతుంది. అదే లండన్‌లో 40 నిమిషాల దాకా పడుతుంది. మనకి బంగారు వెలుగు చటుక్కున వచ్చి చటుక్కున పోతుంది. కాబట్టి టైమ్ స్లయిడర్‌ని నిమిషం నిమిషం జరపండి. మే 10 ప్రాంతంలో అయితే విశాఖ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. విమానం నీడ దాని పొట్ట కిందే దాక్కుంటుంది. ఆ టైమ్‌లో ఎంత మంచి సెట్టింగ్ పెట్టినా ఫోటో చప్పగానే ఉంటుంది. అది మీ తప్పు కాదు. ఇంకోమాట, వైజాగ్ బీచ్ మీద సముద్రంలోకి సూర్యుడు అస్తమిస్తున్న స్క్రీన్‌షాట్లు నాకు పంపకండి బాబూ. మనది తూర్పు తీరం. సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది, కొండల వెనక్కి గుంకుతుంది.

ఫోన్‌లో ఆడేవాళ్ళకి ఇన్ని స్లయిడర్లు ఉండవు. కానీ టైమ్ మార్చుకోవచ్చు. అదొక్కటి సరిగ్గా పెట్టినా సగం పని అయినట్టే.

ఇప్పుడు పిన్ని సంగతి. ఆ రెండో ఫోటో నేను తీసిన రోజు కోస్తాకి తుఫాను హెచ్చరిక ఉంది. నేను పైన చెప్పినవన్నీ పాటించాను. మబ్బు అడుగు 800 అడుగులకి దించాను, ఓవర్‌కాస్ట్, వాన, ఏరోసోల్ పెంచాను, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాను. గ్రూపులో పెట్టాను. "వైజాగ్ టుడే" అని రాశాను. సిమ్యులేటర్ అని రాయలేదు, గ్రూపులో అందరికీ తెలుసు కదా అనుకున్నాను. సాయంత్రానికి అది ఎవరెవరి చేతులో మారి, "విశాఖ ఎయిర్‌పోర్టులో ప్రస్తుత పరిస్థితి" అనే మాట తగిలించుకుని గాజువాకలో మా పిన్ని ఫోన్‌కి వచ్చింది. ఆ రోజు బాబాయి ఎయిర్‌పోర్టు వైపు డ్యూటీకి వెళ్ళారు. ఫోన్ కలవలేదు. పిన్ని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని ఇంట్లో కూర్చుని చూసిన మనిషి. ఆ రోజు ఎయిర్‌పోర్టు ఏమైందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు గంటలు వాకిట్లో నిలబడింది. బాబాయి క్షేమంగానే వచ్చారు, ఆ రోజు పడింది మామూలు వానే.

రాత్రి నాకు ఫోన్. "ఏరా, ఈ ఫోటో నీదేనంట కదా?" అంది. అవును పిన్నీ అన్నాను. తర్వాత ఐదు నిమిషాలు నేను మాట్లాడలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2022 నవంబరులో చెక్ దేశపు గేమ్ కంపెనీ బొహీమియా ఇంటరాక్టివ్ తమ ఆర్మా 3 ఆట వీడియోల్ని నిజమైన యుద్ధం అని ప్రచారం చేస్తున్నారని ఒక ప్రకటనే ఇవ్వాల్సి వచ్చింది. నకిలీని ఎలా గుర్తుపట్టాలో కూడా వాళ్ళే చెప్పారు. అక్కడ అబద్ధం ఆడినవాళ్ళు వేరే ఎవరో. నా విషయంలో ఆ రెండు ముక్కలూ రాసింది నేనే.

అప్పటినుంచి నా ప్రతి స్క్రీన్‌షాట్ మీద, కత్తిరిస్తే పోయే మూలలో కాకుండా విమానం పొట్ట పక్కనే, "సిమ్యులేటర్" అని రాస్తున్నాను. ఫోటో అందం కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

పిన్ని ఇప్పుడు నామీద కోపంగా లేదు. కానీ అప్పుడప్పుడు మేడ మీదికెక్కి ఆకాశం ఫోటో తీసి పంపిస్తుంది. కింద "ఇది నిజందేరా" అని రాస్తుంది. మొన్న పంపినదాంట్లో యారాడ కొండ పైసగం తెల్లగా పాలిపోయి ఉంది, సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీతే లేదు. దాన్ని పక్కన పెట్టుకుని ఏరోసోల్ జరుపుతూ కూర్చున్నాను. ఇంకా సరిగ్గా రాలేదు. వస్తే వచ్చే ఎపిసోడ్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఏది పిన్నిదో, ఏది నాదో మీరు కామెంట్లో చెప్పండి. ఉంటాను మరి.